గోనెతెర వెనక నాలుగు వేళ్లు

పోయిన నెల విరుదునగరం బస్సులో నా పేరిట ఒక కట్ట వచ్చింది. కండక్టరు ఫోను చేస్తే కోవిల్‌పట్టి బస్టాండుకు నేనే వెళ్లి తెచ్చుకున్నాను. విప్పితే లోపల రంగుల అట్టతో ఒక సంచిక, దాని మధ్యలో మడిచిపెట్టిన ఆహ్వానపత్రిక ఉన్నాయి. నాలుగు భాషల ఇళ్లవాళ్లు కలిసి ఆడే మా నాలుగిళ్ల నాటకసభకు, ఒకాయన స్థలం ఇస్తే, విరుదునగరంలో సొంత రంగస్థలం కట్టారు. దాని ప్రారంభోత్సవానికి వేసిన సంచిక అది. నేను ఏది చదివినా పక్కన పెన్సిలు, చిన్న స్కేలు పెట్టుకుని చదువుతాను. నూలుమిల్లు టైమాఫీసులో ముప్పై నాలుగేళ్లు హాజరుపట్టీలు రాసినవాణ్ని, ఆ అలవాటు ఇక పోదు. తప్పు కనబడితే కింద గీత గీసి, అంచున సరైన మాట రాస్తాను. ఈ సంచికలోనూ అలాగే మొదలుపెట్టాను గాని, మొదటి పేజీ ముగియకముందే పెన్సిలు మొన విరిగింది. నేను ఎంత గట్టిగా నొక్కానంటే తర్వాతి పేజీ మీద కూడా గాడి పడింది.

ఆ పేజీలో 'స్థాపకులు' అన్న మాట కింద మా అన్న ఫోటో, పేరు ఉన్నాయి. అన్న పోయి పద్నాలుగేళ్లయింది. దాని కింద చిన్న అక్షరాల్లో మా వదిన గురించి ఒక వాక్యం. 'వీరి కళాసేవకు ఇంటివైపు నుంచి అన్ని విధాలా తోడ్పడిన సతీమణి' అని. ఆమె పేరైనా వేయలేదు. తోడ్పడిందట! ఆ సభను కన్నది ఆమె, పెంచింది ఆమె, దానికోసం ఊరిచేత మాటలు పడ్డది ఆమె. మా అన్న ఆ సభ నాటకాన్ని జీవితంలో ఒకే ఒక్కసారి చూశాడు, అదీ సగం. మిగతా సగం కుర్చీలో నిద్రపోయాడు. మంచివాడే, మిల్లులో మూడో షిఫ్టు చేసి వచ్చాడు, నిద్ర రావడం తప్పు కాదు. కాని నిద్రపోయినవాణ్ని స్థాపకుడు అనకూడదు.

అట్ట మీద వేసిన ఫోటో చూశాక నా కోపం రెట్టింపయింది. సభకు తొలి రోజుల ఫోటో ఒకే ఒకటి ఉంది. అందులో నలుగురు నటులు నిలబడి ఉంటారు. వాళ్ల వెనక గోనెసంచులు విప్పి, పాత చీరల అంచులు కలిపి కుట్టిన తెర. ఆ తెర ఎడమ అంచున, వెదురుకర్రను పట్టుకున్న నాలుగు వేళ్లు కనబడతాయి. అవి మా వదినవి. తెర కట్టడానికి గుంజలు లేక, నాటకం సాగినంతసేపూ ఆమే కర్ర పట్టుకుని నిలబడి, వెనకనుంచి నలుగురికీ మాటలు అందించేది. ఆ ఫోటోలో ఆమె అంతకంటే ఎక్కువ లేదు. సంచిక వేసినవాళ్లు ఫోటో అట్టకు సరిపోలేదని ఎడమవైపు కొంచెం కత్తిరించారు. ఆ నాలుగు వేళ్లూ పోయాయి.

మా ఇళ్ల సంగతి తెలియని పాఠకులకు కొంచెం చెప్పాలి. కోవిల్‌పట్టి చుట్టుపక్కల నల్లరేగడి పల్లెల్లో మావి తెలుగు మాట్లాడే ఇళ్లు. గడప దాటితే తమిళం. తెలుగు మాకు నోటిదే గాని చేతిది కాదు. చదవడం రాయడం బడిలో ఎవరూ నేర్పలేదు. నేను తెలుగు అక్షరాలు నేర్చుకున్నది నలభై దాటాక, మా మిల్లుకు ఆదోని నుంచి వచ్చిన ఒక ఫిట్టరు దగ్గర. అంతకు ముందు నా డైరీలన్నీ తెలుగు మాటలే, తమిళ అక్షరాల్లో. పదిహేడో ఏట మొదలుపెట్టిన డైరీలు ఇప్పుడు యాభై అయిదు ఉన్నాయి, బీరువాలో ఏడాది వారీగా. సరిగ్గా నేను డైరీ మొదలుపెట్టిన ఏడాదే విరుదునగరం నుంచి వదిన మా ఇంటికి కోడలుగా వచ్చింది. మొదటి డైరీ మొదటి వారంలోనే 'వదిన చింతపండు ఎక్కువ వేస్తుంది' అని రాసుకున్నాను. అంత ముఖ్యమైన సంగతులు రాసేవాణ్ని.

పెళ్లయిన రెండో ఏడు ఆమె మా వీధి చివరనున్న అగ్గిపెట్టెల కార్ఖానాలో పనికి చేరింది. కొయ్య చట్టంలో అగ్గిపుల్లలు వరసలుగా పేర్చే పని. పొడవాటి రేకుల షెడ్డులో యాభై మంది ఆడవాళ్లు నేల మీద కూర్చుని, చేతులు ఆగకుండా, తలలు ఎత్తకుండా పేర్చేవారు. మందు వాసన జుట్టులోకి, అన్నంలోకి కూడా వచ్చేది. ఆ షెడ్డులో తెలుగువాళ్లు, తమిళులు, కన్నడం మాట్లాడే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు, ఉర్దూ మాట్లాడే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు కలిసి ఉండేవారు. కళుగుమలై నుంచి సైకిలు మీద వచ్చే మేస్త్రి ఒకడు ఉండేవాడు. వాడు ఎవరినీ పేరు పెట్టి పిలిచేవాడు కాదు. 'ఏయ్ తెలుంగు', 'ఏయ్ కన్నడం' అని ఇంటి భాషతో కేకేసేవాడు. ఒకరోజు అది కూడా చాలలేదు. ఇక నుంచి షెడ్డులో అందరూ తమిళమే మాట్లాడాలి, లేకపోతే నోరు మూసుకోవాలి అన్నాడు. తనకు తెలియని భాషల్లో తనను తిడుతున్నారని వాడి అనుమానం. ఆ అనుమానం నిజమే అనుకోండి.

వదిన ఆ రోజు ఇంటికొచ్చి అన్నం వడ్డిస్తూ నాతో అన్న మాటలు నాకు డైరీ చూడకుండానే గుర్తున్నాయి. "చిన్నోడా, నోరు మూస్తే చెయ్యి ఆడదురా. మా అమ్మ బాసలో కత చెప్పుకుంటానే నేను దినానికి అంత పని చేసేది. వాడికి అర్తం కాదంటే వాడు నేర్చుకోనీ" అంది. మా అన్న కంచంలోంచి తలెత్తకుండా, "పని పోతే ఇంటికాడ కూసో" అన్నాడు. "కూసుంటా. కూసుని మిమ్మల్నిద్దరినీ తిడతా, నాలుగు బాసల్లో" అంది వదిన. అప్పటికే షెడ్డులో కూర్చుని కన్నడం, ఉర్దూ పట్టేసింది. చదువు నాలుగో తరగతే.

ఆ తర్వాతి ఆదివారం మధ్యాహ్నం, పుల్లలు ఆరబెట్టే పెరడు ఖాళీగా ఉన్నప్పుడు, మొదటి నాటకం ఆడించింది. కయత్తారు దగ్గర రోడ్డు మీద ఒక బస్సు చెడిపోయి నిలిచిపోతుంది, అదీ కథ. లోపల తెలుగు ముసలమ్మ, కన్నడం కోడలు, గాజులమ్మే ఉర్దూ ఆమె, తమిళం మాట్లాడే డ్రైవరు. బస్సు కదలదు. ఎవరి భాషలో వాళ్లు మాట్లాడతారు, దెబ్బలాడతారు, ఉన్న చారెడు నీళ్లు పంచుకుంటారు. డ్రైవరుకు ఏదీ అర్థం కాక, అందరూ తననే తిడుతున్నారనుకుని బస్సు దిగి పారిపోతాడు. చూడటానికి వచ్చినవాళ్లకు మాత్రం నాలుగూ అర్థమయ్యాయి. మా ఊళ్లో గోడకు ఇవతల ఒక భాష, అవతల ఇంకొకటి. ఎవరూ అనువదించనక్కర్లేదు. వదిన పెట్టిన నియమం ఒక్కటే. 'ఇంట్లో అమ్మతో ఏ బాస మాట్లాడతావో, జనం ముందర కూడా అదే మాట్లాడు.' మేస్త్రి ముందువరసలో కూర్చున్నాడు. నవ్వలేదు. మర్నాడు వదినను మూడు రోజులు పనికి రావద్దన్నాడు. నాలుగోరోజు మా ఇంటికే సైకిలు మీద వచ్చి, గడప దగ్గర నిలబడి, ఆ డ్రైవరు వేషం వేసిన అమ్మాయికి బస్సు తోలడం చూపించడం రాలేదని, స్టీరింగు అలా పట్టుకోరని, కావాలంటే తాను వేస్తానని చెప్పాడు. ఇరవై ఏళ్లు వేశాడు. ఆ డ్రైవరు వాడికంటే బాగా ఎవరికీ రాలేదు.

ఆమె పెట్టిన ఇంకో ఆచారం ఉంది. దాన్ని గురించి చెప్పకపోతే ఈ కథనానికి అర్థం లేదు. నాటకం మొదలుపెట్టే ముందు నటులు ఒక్కొక్కరే ముందుకొచ్చి మూడు మాటలు చెప్పాలి. తన పేరు, తన ఇంటి భాష, తన ఊరు. అంతే, నాలుగో మాట చెప్పకూడదు. 'నా పేరు ఫలానా, మా ఇంట్లో కన్నడం, ఊరు పుదూరు' అని. షెడ్డులో పేరు లేకుండా పిలిపించుకున్న ఆడవాళ్లు అది చెప్పేటప్పుడు ఒక్కొక్కరి గొంతు ఒక్కొక్క రకంగా వణికేది. కొందరు తమ పేరును నలుగురిలో తామే చెప్పడం అదే మొదలు. మొదటిసారి మేస్త్రి వంతు వచ్చినప్పుడు వాడు కూడా తడబడ్డాడు. ఇదంతా నేను డైరీలో రాశాను. ఎవరు ఏం చెప్పారో, ఎంతమంది వచ్చారో, ఏ మాటకు నవ్వారో, అన్నీ ఉన్నాయి. మూడు మాటలు చెప్పనిది ఒక్క వదినే. ఆమె నటి కాదు గదా, తెర వెనక కర్ర పట్టుకుని ఉండేది.

మా బంధువుల మాటలు చెప్పుకుంటే ఈ సంచిక అంత అవుతుంది. పెళ్లయిన ఆడది జనం ముందర ఆటలాడిస్తున్నదని మా అక్క ఆమెను తన ఇంటి గడప తొక్కవద్దంది. మా అన్న వదిన మీద కోపంతో నెలరోజులు మా అక్క ఇంట్లోనే భోజనం చేశాడు. అన్నం పెట్టింది అక్క, పక్కన కూర్చుని వదినను తిట్టింది బావ, వింటూ కూర్చుంది వాళ్ల కొడుకు, నా మేనల్లుడు. ఆ మేనల్లుడే ఇప్పుడు సభ అధ్యక్షుడు. ఆ సంచిక వేయించినది, ఫోటో కత్తిరించినది, అన్నను స్థాపకుణ్ని చేసినది వాడే. ఏ ఇంట్లో కూర్చుని మా అన్న నాటకాన్ని బహిష్కరించాడో ఆ ఇంటినుంచే ఆయనకు ఈ బిరుదు వచ్చింది.

ఫోను చేసి అడిగాను. వాడు మర్యాదస్తుడు, గొంతు పెంచడు. అదే నాకు ఇంకా మండిస్తుంది. "మామా, నేను ఊరికే వేయలే. రెకార్డు చూసే వేసినాము. పోలీసు పర్మిషన్ కాయితాలు, రిజిస్టర్ ఆఫీసు కాయితాలు, అన్నిటిలో నిర్వాహకుడు అని పెద్దమామ పేరే ఉండాది" అన్నాడు. "రాసింది ఎవరో తెలుసునా?" అన్నాను. "ఆమా, తెలుసు మామా. మీ చేతిరాతే" అన్నాడు.

నిజం. మొదటిసారి మైకు పెట్టుకుని ఆడాలంటే పోలీసు అనుమతి కావాలన్నారు. నేను అప్పుడే టైమాఫీసులో చేరాను. కాగితం రాయడమంటే నాకు పండగ. స్టేషన్లో రైటరు, "ఎవరైనా మగమనిషి పేరు పెట్టు" అన్నాడు. నేను ఒక్క క్షణం ఆలోచించలేదు. అన్న పేరు రాసేశాను, ఇంటికి తెచ్చి సంతకం పెట్టించాను. అన్న అది ఏమిటని అడగను కూడా అడగలేదు. తర్వాత ప్రతి ఏడూ పాత కాగితం ముందు పెట్టుకుని, కామా కూడా మారకుండా కొత్తది రాసేవాణ్ని. సభను రిజిస్టరు చేసినప్పుడూ అదే చూసి రాశాను. నా పద్ధతి గురించి మిల్లులో అందరూ మెచ్చుకునేవారు. తప్పును కూడా పద్ధతిగా రాస్తే అది రికార్డు అవుతుందని నాకు అప్పుడు తెలియదు.

"ఆ కాగితాలు పక్కన పెట్టరా, నా డైరీలు చూపిస్తాను. సభ మొదటి రోజు నుంచీ ఉన్నాయి" అన్నాను. కమిటీకి రమ్మన్నారు. రెండు సంచుల్లో ఇరవై మూడు డైరీలు సర్దుకుని, చూపించాల్సిన పేజీలకు దారాలు పెట్టుకుని, విరుదునగరం వెళ్లాను. మిరపకాయల మండీ వెనక ఒక ఆఫీసులో ఏడుగురు కూర్చున్నారు. చదివాను. 'ఈ రోజు వదిన కొత్త నాటకం చెప్పింది.' 'వదిన మేస్త్రికి నడక నేర్పింది.' 'వాన వచ్చింది, వదిన తెర వదల్లేదు.' అరగంట చదివాను. వాళ్లలో ఒకాయన, రిటైరైన పంతులు, కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "అయ్యా, అంతా బాగుండాది. కాని ఈ వదిన ఎవురు? పేరు యాడ ఉండాది?" అన్నాడు.

నేను దారం పెట్టిన పేజీలన్నీ తిప్పాను. పెట్టనివీ తిప్పాను. లేదు. ఇరవై మూడు డైరీల్లో ఎక్కడా ఆమె పేరు లేదు. మా ఇళ్లలో అన్న భార్యను పేరు పెట్టి పిలవరు. తల్లి తర్వాత తల్లి. నోటితో అనకూడనిది చేత్తో రాయడానికి కూడా నాకు చెయ్యి రాలేదు. అది గౌరవం అనుకున్నాను. మిల్లులో రోజూ పొద్దున ఎనిమిది వందల పేర్లు గేటు దగ్గర నిలబడి గట్టిగా పిలిచేవాణ్ని. ఊడ్చేవాళ్ల పేర్లు, కాంటీనులో గిన్నెలు కడిగేవాళ్ల పేర్లు, తండ్రి పేరుతో సహా నాకు కంఠతా వచ్చు. ఇంట్లో అన్నం పెట్టిన మనిషి పేరు యాభై అయిదేళ్లలో ఒక్కసారి అనలేదు, ఒక్కసారి రాయలేదు. "వదిన అంటే మా వదినే" అన్నాను. "ఎవురికైనా ఉంటారు గదా వదినలు" అన్నాడు పంతులు, ఎగతాళిగా కాదు, నిజంగానే. మేనల్లుడు నాకు సోడా తెప్పించాడు. తాగలేదు.

ఆ సంచులు మోసుకుంటూ అక్కడినుంచే వదిన ఇంటికి వెళ్లాను. అన్న పోయాక ఆమె విరుదునగరంలో తన చెల్లెలి దగ్గర ఉంటున్నది. అక్కాచెల్లెళ్లిద్దరూ పొద్దంతా రేడియోతో పోట్లాడుతూ ఉంటారు. నేను ఎప్పటిలా కోవిల్‌పట్టి వేరుసెనగ చిక్కీ పొట్లం ఇచ్చాను. పళ్లు లేవు గనక ఆమె దాన్ని కాఫీలో నానబెట్టుకుని తింటుంది. సంచిక ఆమె ముందే ఉంది, కాఫీ గ్లాసు దాని మీద పెట్టి ఉంది. మా అన్న ముఖం మీద గుండ్రంగా మరక పడింది. నేను కమిటీని, మేనల్లుణ్ని, పంతుల్ని వరసగా తిట్టాను. ఆమె నానిన ముక్క నోట్లో పెట్టుకుని అంతా విన్నది.

"సుమ్మా ఉండు, ఊరుకో చిన్నోడా. వాళ్ల మింద కోపం ఏంటికి? ఆ పేరు రాసింది నీ చెయ్యి గదా" అంది.

"తెలియక రాశాను వదినా. అప్పుడే ఒక మాట చెప్పి ఉంటే..."

"చెప్తిని. మొదటి కాయితం రాసినప్పుడే అడిగితిని, నా పేరు ఏంటికి లేదని. నువ్వు ఏమంటివి? 'ఇది సుమ్మా, ఊరికే పోలీసోళ్ల కాయితం వదినా, నాటకం నీదే' అంటివి. ఆమా. నాటకం నాది, కాయితం మీ అన్నది. ఆడిన నాటకం ఆడినప్పుడే పోయె. కాయితం ఉండాది." గ్లాసు ఎత్తి మళ్లీ మా అన్న ముఖం మీదే పెట్టింది. "పదైదు మందికి పేరు చెప్పేది నేర్పితిని నేను. ఆ మేస్త్రికి కూడా నేర్పితిని. నన్ను మాత్రం ఎవురూ అడగలే, నీ పేరేమి అని. నువ్వు అడుగుతావని చూస్తిని. ప్రతి ఆటకీ ముందువరసలో కూసుని పరపరా రాస్తానే ఉంటివి. ఏమి రాస్తివో."

నేను సంచిలోంచి ఆ ఏడాది డైరీ తీసి, ఆ తేదీ వెతికాను. దొరికింది. 'పోలీసు అనుమతి కాగితం రాశాను. వదిన దాని గురించి ఏదో అడిగింది. చెప్పాను.' అంతే. కింద ఆ రోజు ఎండ ఎలా ఉందో రెండు వాక్యాలు రాశాను. ఎండ గురించి రెండు వాక్యాలు! చదివి వినిపించాను. వదిన చెల్లెలు లోపలినుంచి, "ఎండ ఎట్ల ఉండెనంట?" అని అడిగింది. వదిన నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

"దీపం పెట్టేదానికి నన్ను పిలిచినారు, స్తాపకుల బార్య అని. నేను రాను" అంది కాసేపటికి. రావాలని నేను బతిమాలాను. "వస్తా. ఒక మాట మింద వస్తా. టైమాఫీసులో ఎనిమిది నూర్ల మందిని పేరు పెట్టి పిలిచేవాడివంట గదా, మీ అన్న చెప్పేవాడు. ఆ పొద్దు నన్నూ అట్లే పిలువు, అందరి ముందరా. నువ్వు పిలిస్తేనే కుర్చీలోంచి లేస్తా. లేకుంటే కూసున్న తావే కూసుంటా, దీపం వాళ్లే పెట్టుకోనీ."

"వదినా, అట్లా పిలవడం..."

"తప్పు. తెలుసు. ఇన్నేండ్లు చేసిన తప్పుకి ఈ తప్పు సరిపోతుందిలే" అంది.

ప్రారంభోత్సవం ఆదివారం సాయంత్రం నాలుగింటికి. కొత్త రంగస్థలం బాగానే ఉంది, కాదనను. నేల నున్నగా ఉంది. మీట నొక్కితే మోటారుతో పక్కకు పోయే ఎర్రటి వెల్వెట్ తెర. గోడకు నల్లరాతి పలక, బంగారు రంగు అక్షరాల్లో మా అన్న పేరు. స్థలం ఇచ్చినాయన పలక మీది గుడ్డ లాగితే చప్పట్లు కొట్టారు. వదిన ముందువరసలో, నేను ఆమె పక్కన. ఆమె ఆ పలకను చూడలేదు, తెరనే చూస్తున్నది. "ఎవురూ పట్టుకోకుండానే నిలుస్తుండాది" అంది నాతో.

దీపానికి ముందు బస్సు నాటకం అన్నారు. ఇప్పుడు ఆడేది కాలేజీ ఆడపిల్లలు. ఎవరు నేర్పారో, ఎవరినుంచి వచ్చిందో వాళ్లకు తెలియదు, కాని ఆచారం మిగిలింది. ఒక్కొక్కరే ముందుకొచ్చి మూడు మాటలు చెప్పారు. ఒక పిల్ల ఇంట్లో ఉర్దూ, ఊరు సాత్తూరు. ఒక పిల్ల ఇంట్లో కన్నడం. తెలుగు పిల్ల చర్చి వీధి నుంచి వచ్చింది, వాళ్ల నానమ్మ వదినతో కలిసి పుల్లలు పేర్చిన మనిషి. నాలుగో పిల్ల చెప్పడం ముగించి వెనక్కి జరిగింది. వదిన నావైపు తిరగలేదు. రెండు చేతులూ చేతికర్ర మీద పెట్టుకుని తిన్నగా కూర్చున్నది. ఇప్పుడే అని నాకు అర్థమయింది.

లేచాను. డెబ్బై రెండేళ్ల మనిషిని. మా అమ్మ, మా అక్క, పోయినవాళ్లంతా వెనక కూర్చుని వింటున్నట్టు అనిపించింది. మేనల్లుడు వేదిక మీదనుంచి, "మామా, కూసోండి, మీకు అప్పురం, అన్నీ అయినాక, రెండు నిమిషాలు ఇస్తాము" అన్నాడు. ఆ రెండు నిమిషాలన్న మాటతో నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఆ కోపమే నన్ను కాపాడింది. మిల్లు గేటు దగ్గర పిలిచే గొంతుతో, ఇంటిపేరు ముందు పెట్టకుండా, మొగుడి పేరు తగిలించకుండా పిలిచాను.

"గురువమ్మా!"

మా బంధువుల వరసలో ఎవరో ఆడమనిషి 'అయ్యయ్యో' అనడం వినిపించింది. వదిన నెమ్మదిగా లేచింది. మిల్లులో పనివాళ్లు పలికినట్టే, "ఉండా" అంది. నేను చెయ్యి పట్టుకోబోతే వద్దంది. అయిదు మెట్లు ఎక్కడానికి చాలాసేపు పట్టింది. మేనల్లుడు, "అత్తా, దీపం అప్పురం..." అని ఎదురొచ్చాడు. ఆమె వాణ్ని కర్రతో పక్కకు జరిపి, ఆ నలుగురు పిల్లల వరసలో ఐదో మనిషిగా నిలబడింది. తెర వెనక కాదు, తెర ముందర.

"నా పేరు గురువమ్మ. మా ఇంట్లో తెలుగు. ఊరు ఇదే, విరుదునగరం."

నాలుగో మాట చెప్పలేదు. ఈ సభ నాది అనలేదు, పలక వైపు చెయ్యి చూపలేదు. ఆమె నియమం ఆమే తప్పదు. తర్వాత మేనల్లుడి వైపు తిరిగి, "ఇప్పుడు తే, దీపం" అంది. చర్చి వీధి పిల్ల మొదట చప్పట్లు కొట్టింది.

ఇది జరిగి మూడు వారాలు. పలక అలాగే ఉంది. నేను కమిటీకి మూడు ఉత్తరాలు రాశాను, నకళ్లు పెట్టుకున్నాను. ఒక్కదానికీ జవాబు లేదు. ఫోను చేస్తే మేనల్లుడు రాయి మార్చాలంటే తీర్మానం కావాలని, ఎలాగూ మళ్లీ సున్నం వేసేటప్పుడు చూద్దామని, అత్త ఆ రోజు అందరి ముందరా పేరు చెప్పుకున్నది గదా, ఇంకా ఏమి కావాలని అంటాడు. ఇంకా ఏమి కావాలో వాడికి చెబుతూనే ఉంటాను. వదినకు డెబ్బై ఏడు. సున్నం కోసం ఆమె ఎందుకు ఆగాలి? అందుకే ఈ కథనం రాసి పత్రికకు పంపుతున్నాను. మా ఇళ్లవాళ్లెవరూ పేర్లు పెట్టి రాయరు. నేనూ ఇందులో అందరినీ వరసలతోనే చెప్పాను, ఒక్కరిని తప్ప.

డైరీలను మాత్రం దిద్దడం లేదు. టైమాఫీసులో హాజరుపట్టీని కొట్టివేయకూడదు, తప్పు తప్పులాగే ఉండాలి, అంచున సరైనది రాసి సంతకం పెట్టాలి. రోజూ పొద్దున ఒక డైరీ తీసి, 'వదిన' అన్నచోటల్లా అంచున ఎర్రసిరాతో ఆ పేరు రాసి, కింద ఇవాళ్టి తేదీ వేసి సంతకం పెడుతున్నాను. చింతపండు ఎక్కువ వేస్తుందన్న వాక్యం దగ్గర కూడా రాశాను. ఇప్పటికి తొమ్మిది డైరీలయ్యాయి. రాతి మీద తప్పు పేరు చెక్కడానికి వాళ్లకు ఒక్క పూట పట్టింది. సరైన పేరు నోటితో పిలవడానికి నాకు యాభై అయిదేళ్లు పట్టింది. కొన్నాళ్లు ఓపిక పట్టండి మామా అంటాడు మేనల్లుడు. ఓపిక పడుతూ ఒక మనిషి జీవితాన్నంతా దాటించేసినవాణ్ని నేను. ఏళ్లు ఎంత పద్ధతిగా, ఎంత చప్పుడు లేకుండా వెళ్లిపోతాయో నాకంటే బాగా రాసిపెట్టుకున్నవాడు ఎవడూ లేడు.